అడిగినంత లేకపోతే కెమెరా డ్రైవర్ ఏం జవాబు చెప్పాలి?

క్లుప్తంగా: లినక్స్‌లో ఓ ప్రోగ్రామ్ కెమెరాకు చేతకాని సైజు కోరితే డ్రైవర్ (కెర్నెల్‌లో, అంటే లినక్స్ మూలభాగంలో, ఆ కెమెరాను నడిపే కోడ్) తిరస్కరించకూడదు. ఇవ్వగలిగిన వాటిలో దగ్గరిది ఎంచి, ఎంచినదేమిటో స్పష్టంగా రాసి తిప్పి పంపాలి. ప్రోగ్రామ్ ఆ జవాబును చదవాలి. దగ్గరిదంటూ ఉండని కోరికలకు మాత్రం తప్పు నంబరు (ఏ తప్పు జరిగిందో చెప్పే ఎర్రర్ కోడ్) ఇవ్వాలి, అదీ సరైన నంబరే ఇవ్వాలి. తెర మీద కనిపించే ఆకుపచ్చ మడుగులు, ఏటవాలు బొమ్మలు, అర్థం కాని "స్థలం లేదు" సందేశాలలో చాలా భాగం ఈ మూడింట్లో ఏదో ఒకటి తప్పడం వల్ల వచ్చేవే.

చెరువు గట్టు మీద కనిపించే మూడు లక్షణాలు

భీమవరం, ఆకివీడు, అమలాపురం పరిసరాల్లో రొయ్యల చెరువు గట్టున షెడ్డులో ఓ చిన్న కంప్యూటర్ బోర్డు, దానికో యూఎస్‌బీ కెమెరా పెట్టారనుకుందాం. చెక్ ట్రేలో మేత ఎంత మిగిలింది, రాత్రి ఏరియేటర్ తిరుగుతోందా ఆగిందా అన్నది ఇంటి నుంచే చూడాలన్నది ఉద్దేశం. కెమెరా మంచిదే, కేబుల్ మంచిదే. అయినా తెర మీద ఈ మూడింటిలో ఒకటి ఎదురవుతుంది.

మొదటిది: పైన సన్నటి పట్టీలో గజిబిజి చుక్కలు, కింద అంతా ముదురు ఆకుపచ్చ. ప్రోగ్రామ్ కుదించని వైయూవైవీ చిత్రం అడిగింది, కెమెరా మాత్రం కుదించిన ఎంజేపెగ్ చిత్రం ఇస్తోంది. 1920×1080 సైజులో వైయూవైవీ ఫ్రేము 41,47,200 బైట్లు. అదే ఎంజేపెగ్‌లో కొన్ని లక్షల బైట్లకు మించదు. ఆ కాస్త డేటాను నేరుగా రంగులనుకుని గీస్తే పైన చుక్కలు పడతాయి. బఫర్‌లో, అంటే ఫ్రేము కోసం కేటాయించిన మెమరీలో, మిగిలినదంతా సున్నాలు. వెలుతురును ఒక అంకెగా, రంగును రెండు అంకెలుగా రాసే వైయూవీ లెక్కలో మూడూ సున్నా అయితే వచ్చేది నలుపు కాదు, ఆకుపచ్చ.

రెండోది: బొమ్మ పక్కకు జారినట్టు ఏటవాలుగా కనిపించడం. 720 పిక్సెళ్ల వెడల్పున్న వైయూవైవీ వరుసకు 1,440 బైట్లు చాలు. కానీ ప్రతి వరుసా 64 బైట్ల గుణిజం దగ్గరే మొదలవ్వాలని కోరే హార్డ్‌వేర్ ఉంటుంది. అలాంటి చోట డ్రైవర్ వరుస పొడవును 1,472 బైట్లుగా చెబుతుంది. ప్రోగ్రామ్ ఆ మాట చదవకుండా వెడల్పును రెండుతో గుణించి ముందుకు పోతే, ఒక్కో వరుసకు 32 బైట్లు, అంటే 16 పిక్సెళ్లు, తేడా పేరుకుపోతుంది. కింద వరుసకు వచ్చేసరికి చెరువు గట్టు తెర చుట్టూ పలుమార్లు తిరిగి ఉంటుంది.

మూడోది: రెండో కెమెరా తగిలించగానే "పరికరంలో స్థలం లేదు" అన్న సందేశం. దీని సంగతి కింద వివరంగా ఉంది. మెమరీ కార్డుతో దీనికి ఏ సంబంధమూ లేదు.

కోరికా జవాబూ ఒకే కాగితం మీద

లినక్స్‌లో కెమెరాలు, టీవీ కార్డులు, వీడియో క్యాప్చర్ పరికరాలు అన్నీ వీడియో ఫర్ లినక్స్ రెండో తరం పద్ధతిలో మాట్లాడతాయి. పొట్టిగా వీ4ఎల్2. ఇది 2002లో 2.5.46 కెర్నెల్‌తో అసలు కెర్నెల్‌లో చేరింది. పాత మొదటి తరం పద్ధతిని 2011లో 2.6.38తో తొలగించారు.

ప్రోగ్రామ్ వరుసగా ఇలా అడుగుతుంది. ముందు క్వెరీక్యాప్‌తో నీ సామర్థ్యమేమిటని, తర్వాత ఎనమ్_ఎఫ్ఎంటీతో ఏ పిక్సెల్ ఫార్మాట్లున్నాయని, ఎనమ్_ఫ్రేమ్‌సైజెస్‌తో ఏ సైజులున్నాయని. ట్రై_ఎఫ్ఎంటీ ఉత్త బేరం లాంటిది: ఇది అడిగితే ఏమిస్తావని తెలుసుకోవడమే, పరికరంలో ఏమీ మారదు. ఎస్_ఎఫ్ఎంటీతో అసలు నిర్ణయం జరుగుతుంది. ఆ తర్వాతే బఫర్లు కేటాయించడం, స్ట్రీమ్ మొదలుపెట్టడం.

ఇక్కడ కీలకం ఒకటుంది. ఎస్_ఎఫ్ఎంటీకి పంపే నిర్మాణం కోరికా పత్రమూ అదే, జవాబు పత్రమూ అదే. ప్రోగ్రామ్ 1000×700 అని రాసి పంపుతుంది. డ్రైవర్ దాన్ని కొట్టేసి, తాను ఇవ్వబోయే సైజు, వరుస పొడవు, మొత్తం ఫ్రేము బైట్లు, రంగుల పద్ధతి అన్నీ అదే చోట నింపి, "సరే" అనే సున్నాతో తిప్పి పంపుతుంది. సున్నా వచ్చిందంటే అడిగినది దొరికిందని అర్థం కాదు, జవాబు లోపల ఉందని అర్థం. సాధారణంగా ఇతర సిస్టమ్ కాల్స్‌లో (ప్రోగ్రామ్ కెర్నెల్‌ను పని అడిగే పిలుపుల్లో) సున్నా అంటే పని జరిగిందనే కాబట్టి కొత్తగా నేర్చుకునే విద్యార్థి ఇక్కడే పొరబడతాడు. అది అతని తప్పు అనడానికీ లేదు, అలవాటే అలాంటిది.

నిబంధన కూడా ఇదే చెబుతుంది: బఫర్ రకం చెల్లనిదైతేనో, పరికరం అప్పటికే పనిలో ఉంటేనో తప్ప ఎస్_ఎఫ్ఎంటీ తప్పు నంబరు ఇవ్వకూడదు. వెడల్పు సున్నా అని అడిగినా, నాలుగు వందల కోట్ల పిక్సెళ్లు అడిగినా, డ్రైవర్ తన పరిధిలోకి తెచ్చి జవాబివ్వాలి.

తిరస్కరిస్తే వచ్చే నష్టం

నిక్కచ్చిగా "కుదరదు" అనడమే నిజాయితీ కదా అన్న వాదన వినడానికి బాగుంటుంది. లెక్క వేస్తే నిలవదు. వెడల్పు 16 నుంచి 1920 వరకు, ఎత్తు 16 నుంచి 1080 వరకు, రెండేసి పిక్సెళ్ల మెట్లతో సైజు మార్చగల స్కేలర్ ఉన్న పరికరం తీసుకుంటే, వెడల్పులు 953, ఎత్తులు 533. కలిపితే 5,07,949 సైజులు. ప్రోగ్రామ్ 1001 వెడల్పు అడిగితే "చెల్లదు" అని మాత్రమే జవాబొస్తే, తప్పు వెడల్పులో ఉందా, ఎత్తులో ఉందా, పిక్సెల్ ఫార్మాట్‌లో ఉందా, ఇంటర్‌లేస్ (సరి, బేసి గీతలను విడివిడిగా పంపే పద్ధతి) గడిలో ఉందా అన్నది తెలిసే దారి లేదు. "చెల్లని విలువ" అని చెప్పే ఈఇన్‌వాల్ అన్న ఒక్క నంబరు (22) ఏ గడిలో తప్పుందో చెప్పదు. డ్రైవర్‌కు మాత్రం అది తెలుసు. తెలిసినవాడు మౌనంగా ఉండి, తెలియనివాణ్ని వెతకమనడమే తిరస్కారంలోని దోషం.

"దగ్గరిది" అంటే ఎవరి లెక్క?

సర్దుబాటు చేయమన్న నిబంధన, దగ్గరతనాన్ని ఎలా కొలవాలో చెప్పదు. అది డ్రైవర్ రాసేవారి నిర్ణయం. అందుకే ఒకే కోరికకు రెండు పరికరాలు రెండు జవాబులివ్వచ్చు, రెండూ సరైనవే కావచ్చు.

మామూలు యూఎస్‌బీ వెబ్‌క్యామ్‌లన్నింటినీ నడిపే యూవీసీవీడియో డ్రైవర్ 2008లో 2.6.26 కెర్నెల్‌లో చేరింది. అది వైశాల్యాలతో కొలుస్తుంది. అడిగిన దీర్ఘచతురస్రాన్నీ ఉన్న దీర్ఘచతురస్రాన్నీ ఒక మూలకు ఆనించి ఒకదాని మీద ఒకటి పెడితే, కలవకుండా మిగిలిన భాగం ఎంతో అదే దూరం. కెమెరా దగ్గర 640×480, 800×600, 1280×720 ఉన్నాయి, ప్రోగ్రామ్ 1000×700 అడిగింది అనుకుందాం. 640×480కి దూరం 3,92,800. 800×600కి 2,20,000. 1280×720కి 2,21,600. కేవలం 1,600 పిక్సెళ్ల తేడాతో 800×600 గెలుస్తుంది. అడిగినదాని కంటే పెద్దది అందుబాటులో ఉన్నా చిన్నదే వస్తుంది.

కెర్నెల్‌లోనే ఉన్న మరో సాధనం వెడల్పుల తేడానూ ఎత్తుల తేడానూ కూడుతుంది. సెన్సర్ డ్రైవర్లు చాలావరకు దీన్నే వాడతాయి. అదే కోరికకు 800×600 దూరం 200, 100 కలిపి 300. 1280×720 దూరం 280, 20 కలిపి అదీ 300. సరిసమానం! పట్టికలో సైజులు ఏ వరుసలో రాసుకున్నారో దాన్నిబట్టి జవాబు తేలుతుంది.

ఇంకో చిక్కు. 1024×768 అడిగితే రెండు కొలతల్లోనూ 1280×720 గెలుస్తుంది. వెడల్పు పెరిగింది, ఎత్తు తగ్గింది, 4:3 నిష్పత్తి పోయి 16:9 వచ్చింది. ట్రేలో మిగిలిన మేతను చిత్రంలోని వైశాల్యంతో అంచనా కట్టే ప్రోగ్రామ్ పాత నిష్పత్తినే నమ్ముకుంటే దాని అంకెలన్నీ తప్పుతాయి. తెర మీద బొమ్మ మాత్రం బాగానే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఆకుపచ్చ తెర కంటే ఇదే ప్రమాదకరం.

యూఎస్‌బీ తీగ గీసిన హద్దు

డ్రైవర్ "ఇంతే ఇవ్వగలను" అనడం వెనుక చాలాసార్లు తీగ సామర్థ్యం ఉంటుంది. యూఎస్‌బీ 2.0లో వెబ్‌క్యామ్‌లు ఎక్కువగా వాడే ఐసోక్రోనస్ దారిలో (ముందే చోటు రిజర్వు చేసుకుని క్రమం తప్పకుండా పంపే పద్ధతిలో) ఒక పరికరం సెకనుకు 8,000 మైక్రోఫ్రేముల్లో, ఒక్కోదానిలో గరిష్ఠంగా 3,072 బైట్లు పంపగలదు. అంటే సెకనుకు 2,45,76,000 బైట్లు.

వైయూవైవీ 640×480 సైజులో 30 ఫ్రేములకు కావలసింది 1,84,32,000 బైట్లు, పడుతుంది. 1280×720 సైజులో 10 ఫ్రేములకూ సరిగ్గా అంతే. 1920×1080 సైజులో 5 ఫ్రేములకు 2,07,36,000, ఇదీ పడుతుంది. అదే సైజులో 30 ఫ్రేములు కావాలంటే 12,44,16,000 బైట్లు, అంటే దారికి అయిదింతలు. చవక వెబ్‌క్యామ్ పట్టికల్లో 720కి 10, 1080కి 5 అన్న అంకెలు పదే పదే కనిపించడానికి కారణం ఈ గుణకారమే. ఫ్రేముల వేగం కోరే ఎస్_పార్మ్ కూడా ఇందుకే సర్దుబాటు పద్ధతినే పాటిస్తుంది: 30 అడిగితే 5 అని రాసి తిప్పి పంపుతుంది. ఆ అంకె చదవని రికార్డింగ్ ప్రోగ్రామ్, సెకనుకు 5 చొప్పున వచ్చిన ఫ్రేములను 30 చొప్పున ఫైలులో పేరిస్తే, గంట సేపటి చెరువు పది నిమిషాల్లో పరుగెత్తిపోతుంది.

ఎంత అన్నది వేరు, ఏది అన్నది వేరు

ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర రబీలో నీరు తగ్గితే వంతులవారీగా ఇస్తారు. అడిగినంత రాకపోయినా కొంత వస్తుంది, ఆ కొంతతో రైతు తన పని చూసుకోగలడు. కానీ తూర్పు డెల్టాకు పోవాల్సిన నీటిని పశ్చిమ డెల్టా కాలువలోకి వదిలి, దగ్గరి కాలువే కదా అనరు. పరిమాణానికి దగ్గరిది అనేది ఉంటుంది. గుర్తింపుకు ఉండదు.

వీడియో కోరికలు కూడా ఈ రెండు జాతులే. వెడల్పు, ఎత్తు, ఫ్రేముల వేగం, క్రాప్ (చిత్రంలో కొంత భాగమే కత్తిరించుకోవడం) హద్దులు, వెలుతురు అంకె, ఇవన్నీ పరిమాణాలు, సర్దాలి. ఏ ఇన్‌పుట్, ఏ టీవీ ప్రమాణం, మెనూలో ఏ ఎంపిక, ఇవి గుర్తింపులు. కేబుల్ టీవీ సెట్ టాప్ బాక్సు నుంచి వచ్చే పాల్ సిగ్నల్ 625 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు. ఎన్‌టీఎస్‌సీ 525 గీతలు, దాదాపు 30 ఫ్రేములు, రంగును మోసే పద్ధతి కూడా వేరు. పాల్ తెలియని కార్డు "దగ్గరిదని" ఎన్‌టీఎస్‌సీకి మారి సున్నా ఇస్తే, తెర మీద ఉరికే గీతలు తప్ప ఏమీ రావు. అందుకే టీవీ ప్రమాణం ఎంచే ఎస్_ఎస్‌టీడీ, ఇన్‌పుట్ ఎంచే ఎస్_ఇన్‌పుట్ చెల్లని విలువకు ఈఇన్‌వాల్ ఇవ్వాలనే ఉంది.

పిక్సెల్ ఫార్మాట్ ఈ రెండింటి మధ్యా ఇరుక్కుపోయింది. వైయూవైవీకి ఎంజేపెగ్ దగ్గరిదా? అంకెల్లో కొలవలేం. ఆ లెక్కన అది గుర్తింపు, తిరస్కరించాలి. కానీ అది కూర్చున్నది సైజుతో పాటు ఒకే పత్రంలో, ఆ పత్రానికి ఉన్నది సర్దుబాటు నిబంధన. పాత టీవీ క్యాప్చర్ డ్రైవర్లు కొన్ని తెలియని ఫార్మాట్‌కు ఈఇన్‌వాల్ ఇచ్చేవి. వాటితో కలిసి పెరిగిన టీవీ చూసే ప్రోగ్రాములు ఆ తిరస్కారం మీదే ఆధారపడ్డాయి: ఒక ఫార్మాట్ అడుగు, తప్పు వస్తే తర్వాతది అడుగు, సున్నా వస్తే అదే దొరికిందనుకో. అలాంటి ప్రోగ్రామ్ ముందు డ్రైవర్ నిబంధన ప్రకారం సర్దుబాటు చేస్తే ఆకుపచ్చ తెరే ఫలితం. నడుస్తున్న ప్రోగ్రామును చెడగొట్టకూడదన్నది కెర్నెల్‌లో పెద్ద కట్టుబాటు కాబట్టి ఆ డ్రైవర్లను అలాగే ఉండనిచ్చారు. నియమపాలనను పరీక్షించే వీ4ఎల్2-కంప్లయన్స్ సాధనం కూడా ఈ ఒక్క విషయంలో వైఫల్యం అనదు, హెచ్చరికతో సరిపెడుతుంది.

కొత్తగా రాసే డ్రైవర్‌కు మాత్రం ఆ పాత మినహాయింపును అరువు తెచ్చుకునే అవసరం లేదు. తెలియని ఫార్మాట్ వస్తే తన సహజమైన ఫార్మాట్‌ను రాసి తిప్పి పంపడమే మేలు. యూవీసీవీడియో చేసేది అదే. ఫార్మాట్ మారిందని పత్రంలో ఉంది, చదివే ప్రోగ్రామ్ మరోటి అడగవచ్చు, మార్చుకునే మార్గం చూడవచ్చు, లేదా మర్యాదగా ఆగిపోవచ్చు.

తప్పు నంబరుకూ అర్థం ఉంది

తిరస్కరించక తప్పని చోట ఏ నంబరుతో తిరస్కరించామన్నది ముఖ్యం. ఒకప్పుడు డ్రైవర్‌లో అసలు ఆ పనే లేకపోయినా ఈఇన్‌వాల్ వచ్చేది, పని ఉండి విలువ తప్పైనా ఈఇన్‌వాలే వచ్చేది. 2011లో 3.1 కెర్నెల్‌తో దీన్ని విడదీశారు. అసలు ఆ పిలుపే అమలులో లేకపోతే ఈనాట్‌టీవై (25), విలువ చెల్లకపోతే ఈఇన్‌వాల్ (22). మొదటిది వస్తే మళ్లీ అడగడం దండగ. రెండోది వస్తే విలువ మార్చి చూడవచ్చు.

బఫర్లు కేటాయించాక సైజు మార్చమంటే ఈబిజీ (16): కోరిక మంచిదే, సమయం కాదు. చదవడానికే తప్ప మార్చడానికి లేని కంట్రోల్‌ను (వెలుతురు వంటి సెట్టింగును) మార్చబోతే ఈయాక్సెస్ (13). 0 నుంచి 255 వరకే ఉన్న వెలుతురును 300 చేయమంటే, డ్రైవర్ 255కి కుదించవచ్చు, లేదా ఈరేంజ్ (34) ఇవ్వవచ్చు. నిబంధన రెండింటినీ ఒప్పుకుంటుంది. కెర్నెల్‌లోని ఉమ్మడి కంట్రోల్ వ్యవస్థ మొదటిదే చేస్తుంది. క్రాప్ కోరికలో ఒక సౌకర్యం ఉంది: "అడిగినదానికి తగ్గకూడదు", "మించకూడదు" అని జెండాలు పెట్టవచ్చు. ఆ షరతు తీరకపోతేనే ఈరేంజ్ వస్తుంది. అడిగేవాడు తన ఓపిక హద్దును ముందే చెప్పగలిగే ఈ పద్ధతి సైజు కోరికలో కూడా ఉండి ఉంటే సగం గొడవలు తప్పేవి.

అనేక కంట్రోళ్లను ఒకేసారి మార్చే పిలుపులో మరో సూక్ష్మం. ముందస్తు పరిశీలనలోనే తప్పు దొరికితే, తప్పు స్థానం చెప్పే గడిలో మొత్తం కంట్రోళ్ల సంఖ్యనే రాస్తారు. హార్డ్‌వేర్‌లో ఏదీ మారలేదని దాని భావం. ఏ కంట్రోల్ దగ్గర తప్పుందో తెలియాలంటే అదే జాబితాను "ట్రై" పిలుపుతో పంపాలి.

ఇక "పరికరంలో స్థలం లేదు". ఇది ఈనోస్పేస్ (28). స్ట్రీమ్ మొదలుపెట్టేటప్పుడు ఇది వస్తే స్థలం అంటే యూఎస్‌బీ తీగ మీద స్థలం. 480 మెగాబిట్ల వేగంలో ఒక మైక్రోఫ్రేముకు 7,500 బైట్లు. అందులో ముందుగా రిజర్వు చేసుకునే రాకపోకలకు 80 శాతం, అంటే 6,000 బైట్లు దాటకూడదు. రెండు కెమెరాలూ చెరో 3,072 పట్టుకుంటే 6,144. రెండోదానికి చోటు లేదు. చాలా కెమెరాలు ఎంజేపెగ్ పంపుతున్నా గరిష్ఠాన్నే రిజర్వు చేసుకోమంటాయి, అదే అసలు పేచీ. యూవీసీవీడియో మాడ్యూల్‌ను క్వర్క్స్ (పరికరాల లోపాలను సర్దుకునే ఐచ్ఛికం) విలువ 128తో ఎక్కిస్తే డ్రైవర్ తానే లెక్కగట్టి తక్కువ అడుగుతుంది. అయితే అది కుదించని ఫార్మాట్లకే పనిచేస్తుంది. ఎంజేపెగ్ కెమెరాలైతే ఒకే హబ్‌కు కాకుండా వేర్వేరు యూఎస్‌బీ కంట్రోలర్ల కిందికి మార్చాలి, లేదా సైజు తగ్గించి చూడాలి. మెమరీ కార్డులోని పాత రికార్డింగులు చెరిపేయడం వల్ల ఒరిగేదేమీ లేదు.

తెర డ్రైవర్లు, సౌండ్ డ్రైవర్లు వేరే దారి పట్టాయి

ఇదే ప్రశ్నకు కెర్నెల్‌లోని పొరుగువాళ్లు వేరే జవాబులిచ్చారు. తెరను నడిపే పాత ఫ్రేమ్‌బఫర్ పద్ధతిలో విలువను పైకే సవరించాలి, కిందికి కాదు. పైకి సవరించినా పట్టకపోతే ఈఇన్‌వాల్. అడిగినదంతా లోపల ఇముడుతుందన్న హామీ దాని ఉద్దేశం. తెరకే ఇప్పుడు వాడే డీఆర్ఎం అటామిక్ పద్ధతి అసలు సవరించదు: అవునంటే అవును, కాదంటే కాదు. తెర, ప్లేన్లు (ఒకదానిమీద ఒకటి పేర్చే చిత్ర పొరలు), రిఫ్రెష్ వేగం అన్నీ ఒకే మూటగా మారాలి కాబట్టి ఒకదాన్ని జరిపితే మిగతావి చెదురుతాయి. దానికి బదులు "పరీక్షకు మాత్రమే" అన్న జెండాతో ముందే అడిగి చూసుకోవచ్చు. సౌండ్ వైపు, లినక్స్ ధ్వని వ్యవస్థ ఆల్సాలో, "దగ్గరి వేగం" వెతికే పనిని ప్రోగ్రామ్ పక్కనుండే లైబ్రరీకి అప్పగించారు.

కెమెరాకు సర్దుబాటే నప్పింది. సెన్సర్ ఇచ్చేది దాని పుట్టుకతో నిర్ణయమైపోయింది, చూసేవాడు కాస్త అటూ ఇటూ అయినా సర్దుకోగలడు.

డ్రైవర్‌లో సరిచూడవలసినవి

భీమవరం, కాకినాడ, రాజమహేంద్రవరం కాలేజీల్లో డ్రైవర్ రాసి చూసే విద్యార్థులు మొదట తప్పేది ట్రై, ఎస్ పిలుపులకు వేర్వేరు కోడ్ రాయడంలో. రెండింటికీ ఒకే సర్దుబాటు ఫంక్షన్ ఉండాలి. ట్రై ఇచ్చిన జవాబునే తిరిగి ఎస్‌కు పంపితే ఒక్క అంకె కూడా మారకూడదు. స్ట్రీమ్ నడుస్తున్నప్పుడు కూడా ట్రై పనిచేయాలి, హార్డ్‌వేర్ రిజిస్టర్లను తాకకూడదు.

ఇంటర్‌లేస్ గడిలో "ఏదైనా" అని వస్తే అలాగే వదలకుండా అసలు విలువ రాయాలి. రిజర్వు గడులను సున్నా చేయాలి. ఫ్రేము బైట్లు, వరుస పొడవు ప్రోగ్రామ్ పంపినవి నమ్మకుండా తిరిగి లెక్కించాలి. ఇక్కడ అశ్రద్ధ చేస్తే బఫర్ హద్దు దాటి రాయడం దాకా పోతుంది, అది భద్రతా లోపం.

కంప్లయన్స్ సాధనం నిర్మాణమంతా చెత్త విలువలతో నింపి పంపి ఇవన్నీ పరీక్షిస్తుంది. చేతిలో కెమెరా లేకపోయినా వివిడ్ అన్న ఉత్తుత్తి డ్రైవర్ ఉంది. కెర్నెల్‌తోనే వస్తుంది, నిబంధనలను పాటించే డ్రైవర్ ప్రతి కోరికకూ ఎలా స్పందిస్తుందో దాని మీద ప్రయోగించి చూసుకోవచ్చు.

షెడ్డులోని బోర్డు దగ్గర చేయాల్సింది ఇంతకంటే చిన్నది. వీ4ఎల్2-సీటీఎల్ సాధనంతో ముందు కెమెరా ఫార్మాట్ల జాబితా తీయాలి. అందులో ఉన్న సైజే, ఉన్న ఫార్మాటే, దానికి పక్కన రాసి ఉన్న ఫ్రేముల వేగమే అడగాలి. వెంటనే గెట్ పిలుపుతో తిరిగి చదివి ఫార్మాట్, వెడల్పు, ఎత్తు, వరుస పొడవు, వేగం, ఈ అయిదు అంకెలనూ లాగ్ ఫైలులో రాయించాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు రెండు కెమెరాల పరికరం పేర్లు తారుమారు కావచ్చు కాబట్టి ఈ చదవడం ప్రతి బూట్‌లోనూ జరగాలి. తెర ఆకుపచ్చగా మారిన రోజు ముందు తెరవాల్సింది ఆ లాగ్ ఫైలునే.